బొమ్మ పడాలి: రాజాం నుంచి ఎవరికీ నచ్చని కొన్ని సలహాలు

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వస్తూ అరచెయ్యంత హార్డ్‌డిస్కు పట్టుకొచ్చాడు. టీవీ వెనకాల గుచ్చి, "పద్దెనిమిది వందల సినిమాలున్నాయి మావయ్యా, ఏది కావాలో చెప్పు" అన్నాడు. "ఏదో ఒకటి ఎయ్యరా బాబూ" అంది మా అమ్మ. పిల్లలు ఒకటి అడిగితే పెద్దలు ఇంకొకటి అడిగారు. రిమోటు బాణం కిందికీ పైకీ తిరుగుతూనే ఉంది. ఒక సినిమా పెడితే బొమ్మ వచ్చింది గాని మాట రాలేదు. ఇంకొకటి పెడితే పది నిమిషాలకే బిగుసుకుపోయింది. అరిసెలు అయిపోయాయి, అమ్మకి కునుకు పట్టింది, తొమ్మిదిన్నరకల్లా అందరూ లేచిపోయారు. పద్దెనిమిది వందల సినిమాలున్న ఇంట్లో ఆ రాత్రి ఒక్క బొమ్మ పడలేదు.

అదే ఇంటి అరుగు ముందు, 1980ల చివర్లో, శివరాత్రికి అద్దె కలర్ టీవీ, అద్దె వీసీపీ, మూడు క్యాసెట్లు పెట్టుకుని వీధి వీధంతా తెల్లవార్లూ కూచునేది. ఆ క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్లో నేను పనిచేశాను. స్పిరిట్ ముంచిన గుడ్డతో హెడ్డు తుడవడం, వంకర తిరిగిన టేపుని పెన్సిలుతో చుట్టడం, రీవైండ్ చెయ్యకుండా తెచ్చిచ్చిన వాళ్లతో పోట్లాడడం నా పని. ఆ తర్వాత వీసీడీలు వచ్చాయి, డీవీడీలు వచ్చాయి, అన్నీ కొనుక్కున్నాను. ఇప్పుడవన్నీ ఒక చిన్న డిస్కులోకి ఎక్కించి టీవీ మీద చూస్తున్నాం. ఎలా చూస్తున్నామో చెప్తాను. నా పద్ధతి విన్నవాళ్లంతా తప్పంటారు. మా మేనల్లుడైతే "బుర్ర తిరిగిన సలహాలు" అన్నాడు. అయినా ప్రతి ఆదివారం మా ఇంట్లో బొమ్మ పడుతోంది కాబట్టి చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

ముందు సినిమాలు తీసెయ్యండి

అందరూ పెద్ద డిస్కు కొనమంటారు. మీరు చిన్నది కొనండి. అరవై సినిమాలకి మించి పెట్టకండి. ఏడాదికి యాభై రెండు ఆదివారాలు, పైన పండగలు ఎనిమిది. అంతకంటే ఎక్కువ పెట్టుకున్నవాడు సినిమా చూడడు, జాబితా చూస్తాడు. కొత్తది ఒకటి చేర్చాలనిపిస్తే పాతది ఒకటి బయటకి పోవాలి. ఏది పోవాలన్న దాని మీద ఇంట్లో గొడవ పడండి. అలా గొడవపడి నిలబెట్టుకున్న సినిమాని ఎవరూ మధ్యలో వదిలి లేవరు.

అవి ఎక్కడివన్న మాట కూడా చెప్పాలి. మీ బీరువాలో ఉన్నవే, మీరు డబ్బులిచ్చి కొన్నవే ఎక్కించండి. 2000ల రెండో సగంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి అమ్మడం మొదలెట్టాక మనలాంటి ఊళ్లలో కూడా ఇంటింటా డిస్కులు చేరాయి. అవి చాలు. పెన్‌డ్రైవులో ఎవరో పోసిచ్చిన కొత్త సినిమాలు వద్దు. డీవీడీల్లో కొన్నిటికి తాళం ఉంటుంది. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 65ఏ అనే సెక్షను చేరింది. హక్కుదారు హక్కుకి భంగం కలిగించే ఉద్దేశంతో అలాంటి తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు. అందుకని నా లెక్క తేలిక: తాళమున్న డిస్కుని డిస్కుగానే ఆడిస్తాను. డీవీడీ ప్లేయరుని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమని మా ఇంట్లో నాలుగుసార్లు అడిగారు. ఇవ్వలేదు. మీరూ ఇవ్వకండి.

బాగుచెయ్యకండి

ఇది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం లేస్తుంది. కారణముంది.

మా అప్ప పెళ్లి 1991లో. వీడియో తీయించాం. అప్పగింతలప్పుడు మా నాన్న వియ్యంకుడి చేతులు పట్టుకుని నాలుగు మాటలు అన్నాడు. ఆయన నలుగురిలో మాట్లాడిన మనిషి కాదు, ఆ నాలుగు మాటలే. 2009లో ఆ క్యాసెట్టుని డీవీడీ చేయించడానికి ఒక స్టూడియోలో ఇచ్చాను. వారం తర్వాత తీసుకొచ్చి అమ్మ ముందు పెట్టాను. చుట్టూ పూల బోర్డరు, మనుషులు అడ్డంగా సాగిపోయి ఉన్నారు, నాన్న పెదాలు కదులుతుంటే వెనకాల ఏదో సినిమా పాట. "మీ నాన్న గొంతేదిరా?" అంది అమ్మ. స్టూడియోకి పరిగెత్తితే అక్కడి కుర్రాడు, "సౌండంతా గరగర, వినడానికి బాగోలేదు సార్, అందుకే మంచి పాటేశాం" అన్నాడు. వాడు మంచి చేశాననే అనుకున్నాడు. సరే, అసలు క్యాసెట్టు ఉంది కదా అనుకున్నాను. ఇంట్లో అప్పటికి వీసీపీ పాడైంది. ఇవాళ రేపు అంటూ ఆలస్యం చేశాను. మన వానాకాలం చెమ్మకి టేపు మీద తెల్లటి బూజు పట్టేసింది.

కాబట్టి చెప్తున్నాను. సినిమా గాని, ఇంటి వీడియో గాని, ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. గరగర ఉంటే గరగరతో. గీతలుంటే గీతలతో. "హెచ్‌డీ చేసిస్తాం" అనే మాటకి లొంగకండి. వీసీడీలో ఉన్న బొమ్మ అడ్డం 352 చుక్కలు, నిలువు 288 చుక్కలు. దాన్ని ఎంత పెంచినా కొత్త చుక్కలు పుట్టవు, ఉన్నవాటి మధ్య కంప్యూటరు ఊహించి రంగు పూస్తుంది. ముఖం మీద ముడతలు పోయి మైనం బొమ్మలు తయారవుతాయి. ఒక ఫార్మాటులోంచి ఇంకో ఫార్మాటుకి మార్చడం కూడా అంతే. మార్చిన ప్రతిసారీ బొమ్మని మళ్లీ కుదిస్తారు, కుదించినప్పుడల్లా కొంత రాలిపోతుంది. రాలింది మళ్లీ రాదు.

అందరూ ముందుగా చేసేది ఈ మార్చడమే. వీసీడీ తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరులో డీఏటీ ఫైలు ఒకటి కనపడుతుంది. టీవీ దాన్ని గుర్తుపట్టదు. వెంటనే ఎంపీ4లోకి మార్చమంటారు. వద్దు. ఫైలు పేరు చివర డీఏటీ తీసేసి ఎంపీజీ అని రాయండి, చాలా ప్లేయర్లు అంతటితో ఒప్పుకుంటాయి. వీఎల్‌సీ అయితే ఆ పేరు కూడా మార్చక్కర్లేదు, అలాగే ఆడిస్తుంది. పారిస్‌లో ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లు 1996లో మొదలెట్టిన పని అది. ఇవాళ్టికీ ఉచితం. మన రాజాంలో జీఎంఆర్ ఇంజినీరింగు కాలేజీ దారిలో నడిచే పిల్లల్ని చూసినప్పుడల్లా, వీళ్లలో ఎవరైనా ఇలాంటిదొకటి చేసి లోకానికి ఇస్తే బాగుణ్ను అనుకుంటాను.

డీవీడీది ఇంకో తీరు. సినిమా మొత్తాన్ని గిగాబైటు గిగాబైటు చొప్పున వీఓబీ అనే ముక్కలుగా పెట్టి ఉంటుంది. టీవీలో నేరుగా పెడితే ముక్క అయిపోయినప్పుడల్లా ఒక క్షణం చీకటి. అక్కడ కూడా మార్చకుండా ముక్కలన్నిటినీ వరసగా ఒక ఎంకేవీలో సర్దెయ్యొచ్చు. ఎంకేవీ అనేది పెట్టె మాత్రమే. లోపలి బొమ్మనీ పాటనీ ముట్టుకోదు. దాని అసలు పేరు మత్రోస్కా. ఒక బొమ్మలో ఇంకో బొమ్మ పట్టే రష్యా కొయ్యబొమ్మల పేరు మీద పెట్టుకున్నారు. మన ఏటికొప్పాక లక్కబొమ్మలు చూసిన చేతికి ఆ పేరు వెంటనే అందుతుంది.

ఇంటర్వెల్ దగ్గర కొయ్యండి

అన్నిటికంటే ఎక్కువమంది తప్పు పట్టేది దీన్నే. సినిమా ఒకే ఫైలుగా ఉండాలంటారు. నేను రెండు చేస్తాను: మొదటి సగం, రెండో సగం.

దీనికి మొదటి కారణం డిస్కు. పాత టీవీలు చాలావాటికి ఫ్యాట్32 అనే పద్ధతిలో సర్దిన డిస్కే తెలుసు. ఆ పద్ధతిలో ఒక ఫైలు నాలుగు గిగాబైట్లు దాటకూడదు. డీవీడీ సినిమాని ఒక్కటిగా సర్దితే తరచూ ఆ గీత దాటేస్తుంది, కాపీ చేస్తుంటే "ఫైలు పెద్దది" అని ఆగిపోతుంది. 2006లో మైక్రోసాఫ్టు ఎక్స్‌ఫ్యాట్ తెచ్చి ఆ గీత చెరిపేసింది గాని, మీ టీవీకి అది రావాలి కదా. దానికోసం టీవీ మార్చమంటారు. ఎందుకు? సినిమా తీసినవాళ్లే మనకొక చోటు చూపించారు. "విశ్రాంతి" అని అక్షరాలు పడేచోట కొయ్యండి. ఎంకేవీ టూల్‌నిక్స్ అని ఒక ఉచిత సాధనం ఉంది. నిమిషం, సెకను ఇస్తే బొమ్మని మళ్లీ కుదించకుండా అక్కడికి రెండు ముక్కలు చేస్తుంది. రెండు ముక్కలూ మామూలుగా ఆ నాలుగు గిగాబైట్ల గీత లోపలే ఉంటాయి.

రెండో కారణం మనుషులు. తెలుగు సినిమా కథని విశ్రాంతి కోసమే మలుపు తిప్పి రాస్తారు. అక్కడ దీపం వెయ్యాలి. జనం లేవాలి. మొదటి సగం గురించి ఒకళ్ల మాట మీద ఒకళ్లు పడి మాట్లాడుకోవాలి. ఒకే ఫైలు అయితే ఆ చోటు తెలియకుండానే దాటిపోతుంది. రెండు ఫైళ్లు అయితే మొదటిది అయిపోగానే తెర ఖాళీ అవుతుంది, ఇంకొకటి పెట్టడానికి ఎవరో లేవాలి, ఈలోగా టీ వస్తుంది. వీసీడీ రోజుల్లో మొదటి డిస్కు తీసి రెండోది పెట్టేవాళ్లం గుర్తుందా? ఆ విరామం తయారీవాళ్లు డిస్కు చాలక ఇచ్చింది. ఇప్పుడు మనమే ఇచ్చుకుందాం. మా ఇంట్లో విశ్రాంతికి పావుగంట. సెనక్కాయలు వేయించుతారు.

విశ్రాంతి అట్ట తీసేసిన డిస్కులు కూడా ఉంటాయి. అప్పుడు సినిమా మొత్తం ఒకసారి చూసి, ఎక్కడ ఊపిరి బిగబట్టారో అక్కడ కొయ్యండి. తప్పుచోట కోశారని ఎవరైనా అంటే మళ్లీ కొయ్యొచ్చు.

నల్ల పట్టీల్ని ప్రేమించండి

కొత్త టీవీ కొన్న ఇంటికి వెళ్తే సావిత్రి గారు వెడల్పుగా కనపడతారు. ఎస్వీ రంగారావు గారైతే ఇక చెప్పక్కర్లేదు. "ఇంత పెద్ద టీవీ కొని పక్కన నల్లగా వదిలేస్తామా" అని రిమోటు నొక్కి బొమ్మని అడ్డంగా సాగదీస్తారు. డబ్బు పెట్టి కొన్న గాజు అంతా నిండాలన్న బాధ నాకర్థమవుతుంది. కాని అది బొమ్మని హింసించడమే.

1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' నాటికి తెలుగు సినిమా బొమ్మ దాదాపు చదరానికి దగ్గర: అడ్డం నాలుగు పాళ్లయితే నిలువు మూడు పాళ్లు. టీవీ అడ్డం పదహారు, నిలువు తొమ్మిది. ఆ బొమ్మ ఈ తెరలో కూచుంటే రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. రావాలి. 1974లో కృష్ణ 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోపుగా వచ్చింది. ఆ బొమ్మ టీవీ కంటే వెడల్పు. దానికి పట్టీలు పైనా కిందా వస్తాయి. అవీ రావాలి. పక్క పట్టీలుంటే పాత చదరం, పైకింది పట్టీలుంటే స్కోపు. పట్టీ చూసే సినిమా కాలం చెప్పొచ్చని మా పిల్లలకి నేర్పాను. ఇప్పుడు టైటిళ్లు పడకముందే చెప్పేస్తున్నారు.

రిమోటులో బొమ్మ కొలతలు మార్చే చోట "అసలు కొలత" అనే అర్థం వచ్చేది ఎంచుకోండి. అదే చోట ఇంకొకటి కూడా ఆపండి. కొత్త టీవీలు బొమ్మకీ బొమ్మకీ మధ్య లేని బొమ్మల్ని కల్పించి కదలికని నున్నగా చేస్తాయి. సినిమాకి సెకనుకి 24 బొమ్మలు. ఆ 24లోనే కత్తియుద్ధానికి ఆ అదురు, నాట్యానికి ఆ విరుపు. నున్నగా చేస్తే యుద్ధం కూడా మధ్యాహ్నం సీరియల్లా ఉంటుంది. "మోషన్" అన్న మాట ఎక్కడ కనపడితే అక్కడ ఆపెయ్యండి.

ఈ ఊరివాళ్లకి ఒక మాట. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయిన రోజున తాండ్ర పాపారాయుడు ఉన్నది మన రాజాంలో. 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం'లో పాపారాయుడి వేషం ఎస్వీ రంగారావు గారిది. మన ఊరి సర్దారు తెర మీద నిలబడితే ఆయన భుజాల కొలత ఆయనదే ఉండాలి. గాజు నింపుకోవడానికి ఆయన్ని సాగదీస్తే ఊరుకోను.

సినిమాని నెమ్మది చెయ్యండి

దీనికి మా ఇంట్లోవాళ్లు కూడా ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది.

సినిమా సెకనుకి 24 బొమ్మలని చెప్పాను కదా. మన దేశపు పాత టీవీ పద్ధతి పాల్. దానికి సెకనుకి 25. పాల్ పద్ధతిలో డిస్కు చేసేటప్పుడు 24ని 25గా పరిగెత్తించడం మామూలు. అంటే సినిమా నూటికి నాలుగు వంతుల చొప్పున తొందరగా నడుస్తుంది. మూడు గంటల నాలుగు నిమిషాల 'మాయాబజార్' అలా చేసిన డిస్కులో ఏడు నిమిషాల ముందే అయిపోతుంది. కాలం సంగతి సరే, గొంతు కూడా పైకి జరుగుతుంది. అర స్వరానికి కాస్త తక్కువ. విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్న ఘంటసాల గొంతు, ఆ విజయనగరంలోనే పుట్టిన సుశీల గొంతు, మన ఇంట్లో మనకే కొంచెం పీలగా వినపడుతున్నాయి. హార్మోనియం పట్టుకుని పాటతోపాటు వాయించబోయిన వాళ్లెవరినైనా అడగండి, మెట్టు కలవట్లేదంటారు.

డిస్కు ఏ పద్ధతిదో తెలుసుకోవడం సులువు. బొమ్మ నిలువు కొలత వీసీడీలో 288, డీవీడీలో 576 ఉంటే పాల్. 240, 480 ఉంటే వేరే పద్ధతి, దాని జోలికి వెళ్లకండి. పాల్ అయితే, ఆ సినిమా నిడివి అసలు నిడివి కంటే తగ్గి ఉంటే, కంప్యూటరుని టీవీకి తగిలించి వీఎల్‌సీలో వేగం 0.96 పెట్టండి. ఆడియో అమరికల్లో "టైమ్ స్ట్రెచింగ్" అన్నది తీసెయ్యండి. అది ఉంటే వేగం తగ్గుతుంది గాని గొంతు దిగదు. అది తీసేస్తే రెండూ కలిసి అసలు చోటికి వస్తాయి. మొదటిసారి అలా పెట్టినప్పుడు మా అమ్మ పడక్కుర్చీలోంచి లేచి కూచుని, "ఇదిగో, ఇది ఘంటసాల" అంది. నాకు అంతకు మించి రుజువు అక్కర్లేదు.

తెలివైన టీవీని నమ్మకండి

టీవీకి ఇంటర్నెట్టు కలపకండి. సినిమా మధ్యలో కొత్త వెర్షన్ అంటుంది, మొన్నటిదాకా ఆడిన ఫైలుని ఇవాళ తెలియదంటుంది. వేరే చిన్న ప్లేయరు పెట్టె ఒకటి కొని హెచ్‌డీఎంఐ తీగతో కలపండి. వైఫై మీద వేరే గదిలోంచి పంపించే ఏర్పాటు బాగుంటుందని చెప్తారు గాని, గోడ అడ్డొస్తే బొమ్మ ఆగుతుంది. తీగ ఆగదు.

బొమ్మ వచ్చి మాట రాకపోతే టీవీ పాడైందనుకోకండి. ఆ ఫైల్లో మాట డీటీఎస్ పద్ధతిలో ఉండి ఉంటుంది. దానికి కంపెనీ లైసెన్సు కట్టాలి. కట్టని టీవీలు నోరు మూసుకుంటాయి. ప్లేయరు పెట్టె అమరికల్లో ఆడియో "పీసీఎం" అని పెడితే పెట్టే ఆ మాటని విప్పి టీవీకి అందిస్తుంది. మాటలు గుసగుసలాడి ఫైట్లు ఇల్లు పీకేస్తుంటే స్టీరియో ఎంచుకోండి. పాత సినిమాలకి ఈ బాధ లేదు, వాటి మాట ఒకే మార్గంలో వస్తుంది.

హార్డ్‌డిస్కు టీవీకి గుచ్చగానే టిక్కు టిక్కుమంటే వెంటనే తీసెయ్యండి. పాత యూఎస్‌బీ రంధ్రం ఇచ్చే కరెంటు 500 మిల్లీ ఆంపియర్లు. డిస్కు లోపలి పళ్లెం తిరగడం మొదలెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువ అడుగుతుంది. చాలకపోతే తిరగలేక కొట్టుకుంటుంది. అరవై సినిమాలకి పెన్‌డ్రైవు చాలు, దానికి తిరిగే పళ్లెం లేదు.

రెండు డిస్కులు, రెండు ఇళ్లు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. మన శ్రీకాకుళం, విజయనగరం మనిషికి ఈ తారీఖులు చెప్పక్కర్లేదు. అప్పటికి రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉంది, 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లాలో. జిల్లా మారినా గాలి దారి మారదు. పోయిన కరెంటు తిరిగి వచ్చే క్షణమే డిస్కులకి గండం. వోల్టేజి ఎగిరెగిరి పడుతుంది. అందుకని చూడనప్పుడు ప్లగ్గు పీకెయ్యండి. రెండో కాపీ మీ ఇంట్లో కాక మీ చెల్లెలి ఇంట్లో పెట్టండి. గోద్రెజ్ బీరువాలో రెండూ పక్కపక్కన పెట్టుకునేవాళ్లున్నారు. నీళ్లొస్తే రెండూ తడుస్తాయి.

ఎక్కించేశాం కదా అని అసలు డిస్కులు పారెయ్యకండి. మెరిసే వైపు గీతకి అందరూ భయపడతారు. సీడీ, వీసీడీలకి ప్రమాదం పేరు రాసి ఉన్న వైపే. బొమ్మని పట్టి ఉంచే లోహపు పొర ఆ రంగు కిందే, పల్చటి పూత చాటున ఉంటుంది. దాని మీద బాల్‌పెన్నుతో రాస్తే సినిమా మీద రాసినట్టే.

జాబితా కాగితం మీద ఉండాలి

పోస్టర్లు, నటుల ఫొటోలు, కథాసారం తెర మీద పేర్చిపెట్టే ప్లేయర్లున్నాయి. పిల్లలకి అదే ముద్దు. నేను ఫైళ్లకి 01 నుంచి 60 దాకా అంకెలు మాత్రమే పెట్టాను. పేర్లన్నీ గీతల నోటు పుస్తకంలో తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. మా అమ్మకి రిమోటు రాదు, పుస్తకం చదవడం వచ్చు. పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పి, "సాయంత్రం ఇరవై మూడు" అంటుంది. ఇరవై మూడు అంటే 1955 నాటి 'కన్యాశుల్కం'. మన గురజాడ వారి కథ, గిరీశంగా రామారావు, మధురవాణిగా సావిత్రి. సినిమా ఏదో అమ్మ చెప్తుంది, వెయ్యడం మనవల పని. ప్రతి పేరు పక్కన ఎప్పుడు చూశాం, ఎవరెవరు ఉన్నారు అని రాస్తాం. ఆ పుస్తకంలో ఇప్పుడు లేనివాళ్ల పేర్లు కూడా ఉన్నాయి.

రిమోటు బీరువాలో పెట్టండి

టైటిళ్లు మొదలవగానే రిమోటు లోపల పెట్టి తాళం వేస్తాను. ఫోను వచ్చిందని ఆపడం, పాట వచ్చిందని దాటెయ్యడం, నిన్న ఆపిన చోటు నుంచి మొదలెట్టడం మా ఇంట్లో లేవు. టైటిళ్ల దగ్గర్నుంచే చూడాలి. లైట్‌బాయ్ దాకా అందరి పేర్లూ అక్కడే ఉంటాయి. పనిమీద లేచి వెళ్లినవాడికి పోయిన సీను పక్కవాడు చెప్తాడు. చిన్నప్పుడు హాల్లో ఆలస్యంగా వచ్చినవాళ్లకి అలాగే చెప్పేవాళ్లం, కథ చెప్పడం అలాగే నేర్చుకున్నాం.

ఒంటరిగా చూడకండి. జ్వరంతో పడుకున్నప్పుడు తప్ప. ఇద్దరైనా ఉండాలి. ఎవరైనా "ఆ సినిమా నా పెన్‌డ్రైవులో వెయ్యవా" అని అడిగితే కాపీ ఇవ్వకండి, ఆదివారం ఆరున్నరకి రమ్మనండి. చట్టం మాట అలా ఉంచి, కాపీ పట్టుకెళ్లినవాడు చూడడు. నాకు తెలుసు, ఇచ్చి చూశాను. ఇంటికి వచ్చినవాడు చూస్తాడు.

దాచడమే కాపాడడం అనుకుంటే మోసపోతాం. 1932 నాటి మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' ఇవాళ చూడాలంటే ఎక్కడా దొరకదు. దాని ప్రింట్లు కూడా ఎక్కడో ఒకచోట దాచే ఉంటారు. డబ్బాలో ఉన్న ఫిల్ము ఎలా ఉందో డబ్బా తెరిచినవాడికే తెలుస్తుంది. మన డిస్కూ అంతే. ఏడాదికి ఒక్కసారి ఆడిస్తే, ఫైలు చెడిందా బాగుందా అన్నది ఆ సాయంత్రమే తేలిపోతుంది. చెడితే చెల్లెలి ఇంట్లో ఇంకొకటి ఉంటుంది, అసలు డిస్కు బీరువాలో ఉంటుంది. పోయిన ఏడాది 41వ నెంబరు రెండో సగం అలాగే పట్టుకున్నాం, ఆ రాత్రే మళ్లీ ఎక్కించాం.

ఇక సినిమాల కంటే ముందు చూడాల్సినది ఒకటుంది. మీ ఇంట్లో పెళ్లి క్యాసెట్టు ఉంటుంది, అటక మీదో, ట్రంకు పెట్టెలో పట్టుచీరల కిందో. జపాన్‌లో ఫునై కంపెనీ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. ఆ తర్వాత కొత్తవి చేసినవాళ్లు లేరు. పనిచేసే మిషన్లు ఏటికేడు తగ్గుతున్నాయి, బాగుచేసే చేతులు అంతకంటే తొందరగా తగ్గుతున్నాయి. ఈ వానాకాలం రాకముందే ఆ క్యాసెట్టు బయటకి తియ్యండి. మిషను ఉన్నవాళ్ల దగ్గరికి మీరే పట్టుకెళ్లండి, పక్కనే కూచోండి, బోర్డరు వద్దనండి, పాట వద్దనండి, గరగర ఉంటే ఉండనివ్వమనండి. అందులో ఎవరి గొంతు ఉందో ముందు అది వినండి.